కలకత్తాకు ఒకరు

సోమవారం ఉదయం పాలపొట్లాల పక్కన, కలకత్తా ప్రయాణం తాలూకు నాలుగు రోజులూ గుమ్మంలో ఉన్నాయి. నాలుగు గిన్నెల స్టీలు క్యారియరులో గిన్నెకొక రోజు చొప్పున సర్ది, పైన పిడి బిగించి పంపారు. లూర్దమ్మ ముందు పాలు లోపల పెడుతుంది. తరవాత క్యారియరు ఎత్తుకొస్తుంది.

వంటింటి గట్టుమీద గిన్నెలు విడదీసి చూస్తుంది. మొదటి రోజు ఇంకా వేడిగా ఉంది. రెండో రోజు అంచుల దగ్గర కాస్త గట్టిపడింది. మూడోది వాన వాసన వేస్తోంది. నాలుగో గిన్నె అడుగున ఒక సాయంకాలం పేరుకొని ఉంది; మీగడ రంగులో, గరిటె ముంచితే అంటుకునేటంత చిక్కగా. దాని మీద మాత్రం ఆమె వెంటనే మూత పెట్టేస్తుంది. ఆ సాయంకాలం ఎందుకో ఆమెకు తెలుసు.

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమె కోరిన కోరిక ఒక్కటే. కలకత్తాలో ట్రాము ఎక్కాలి. కిటికీ పక్కన తను కూర్చోవాలి, తన పక్కన ఇన్నయ్య కూర్చోవాలి. ఎక్కిన చోటి నుంచి చివరి స్టాపు దాకా ఏ పనికీ, ఎవరి కోసమూ మధ్యలో దిగకూడదు. గుంటూరు కాన్వెంటులో భూగోళం చెప్పిన మదరు గోడకున్న పటం మీద బెత్తం ఆనించి, ఇక్కడ రోడ్ల మీద రైళ్ళు నడుస్తాయి, అవి ఎవరినీ తొందరపెట్టవు అని చెప్పిన నాటి నుంచి ఆ కోరిక అట్లాగే ఉంది; పక్క సీటు మాత్రం పెళ్ళయ్యాక చేరింది.

ఇన్నయ్య కాలవల ఆఫీసులో హెడ్ గుమాస్తా. పది గంటలకు గేటు దగ్గర సంచీ తగిలించుకున్న ట్రావెల్ ఏజెంటు ఒకడు కనిపిస్తే, వరండాలోంచే చెయ్యి ఊపి పంపించేస్తాడు.

"మనింట్లో నువ్వుండగా మళ్ళీ ఏజెంటెందుకే?" అంటాడు లోపలికొచ్చి. "వాడికన్నా నువ్వే బాగా చేస్తావు. గ్యాసు కాయితాలు, రేషను కార్డు, పిల్ల కాలేజీ దరఖాస్తులు, అన్నీ నువ్వేగా చూసింది?"

ఆ మాట పూర్తయ్యేసరికి వంటింటికీ హాలుకీ మధ్య గోడలో ఒక కిటికీ పడుతుంది. పైన కమాను, మధ్య ఇనప ఊచలు, అడుగున చెయ్యి పట్టేటంత సందు. స్టేషన్లలో టిక్కెట్లు ఇచ్చే కిటికీ అది. లూర్దమ్మ లోపలివైపు స్టూలు మీద కూర్చొని ఉంది. గోడకు వేసిన సున్నం అప్పటికే ఆరిపోయింది గనక, ఆమె ఇక దాన్ని గురించి ఏమీ అనదు.

ఇన్నయ్య కిటికీ ముందు నిలబడి, "తరవాతెవరు?" అని వెనక్కి తిరిగి చూస్తాడు.

తరవాత అతని అక్క జ్ఞానమ్మ. చేతిలో జాడీ ఉంది.

"ఏం లూర్దమ్మా, కలకత్తా పోతన్నారంట?"

"అవును వదినగారూ."

"నాకు చెప్పనే లేదే! పోనీలే. దారిలో ఖరగ్‌పూర్ తగిలిద్ది. మా వియ్యంకుడు అక్కడ రైలు కార్ఖానాలో చేసి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు గదా. దిగి ఒక పూట ఉండి, పిల్లని చూసి, ఈ గోంగూర పచ్చడి ఇచ్చి పోండి."

"మొత్తం ఉన్నవి నాలుగు రోజులేనండీ."

"ఊరి మీదుగా పోతా గుమ్మం తొక్కకుండా పోతారా? రేపు ఆయన మొహం నేనెట్టా చూసేది? ఒక్క పూట అడిగాను, కిడ్నీ అడిగానా?"

చుట్టం ఉన్న ఊరి మీదుగా పోతూ ఆ చుట్టం గుమ్మం తొక్కకపోతే, ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు. జ్ఞానమ్మ సందులోంచి చెయ్యి పెట్టి, సొంత గరిటెతో రెండో రోజులో పూటంతా తోడుకుని డబ్బాలో పోసుకుంటుంది. జాడీ మాత్రం లోపలికి తోస్తుంది. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడం లూర్దమ్మకు కొత్త కాదు. ఆమె జాడీని పక్కన పెట్టి, కాయితం మీద ఖరగ్‌పూర్ అని రాసుకుంటుంది.

జ్ఞానమ్మ వెనక చర్చిగుడిలో జపాలు చెప్పించే ఉపదేశి చిన్నప్ప ఉన్నాడు. ఆయన చేతిలో తొమ్మిది కొవ్వొత్తులు.

"అక్కడొక గుడికి తొమ్మిది మెట్లుంటాయమ్మా. మెట్టుకొకటి నా పేరున వెలిగించాలి. మోకాళ్ళ మీదే ఎక్కాలి సుమా."

"మీ మోకాళ్ళ మీదా, నా మోకాళ్ళ మీదా?"

"మొక్కు నాదమ్మా. మోకాళ్ళు ఎవరివైనా ఫరవాలేదు."

ఆయన మొదటి రోజులో ఉదయం తీసుకుపోతాడు. ఆయన తరవాత ఎదురింటి వకీలుగారి భార్య నేతచీర కోసం మూడో రోజులో సగం పట్టుకుపోతుంది. రంగు ఏదో చెప్పదు. లూర్దమ్మ తెచ్చాక ఇది కాదని చెబుతుందట. ఆమె వెనక ఆఫీసువాళ్ళు, ఆఫీసువాళ్ళ వెనక వాళ్ళ తోడల్లుళ్ళు. ఎవరూ ఎక్కువ అడగరు. అందరూ ఒక్క గంటే అడుగుతారు.

మధ్యాహ్నానికి హాలు పొడుగవుతుంది. వచ్చినవాళ్ళకు చోటు కావాలి గనక అది సబబే. నాలుగు గంటలకు దాని చివరిగోడ ఊరవతలి నారాకోడూరు దాటిందని కబురొస్తుంది. అక్కడివాళ్ళు పీటలు తెచ్చుకుని కూర్చున్నారు. ఇన్నయ్య వాలుకుర్చీ హాలుతోపాటు సాగి ఆ చివరకు పోయింది. ఆయనకు కాఫీ అందించాలంటే గంటన్నర నడక.

పేర్లు రాయడం ఆగకూడదు గనక లూర్దమ్మ కుడిచెయ్యి కిటికీ దగ్గరే ఉండిపోతుంది. ఆమె ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని నడుస్తుంది. ఎడమచేత్తో ఇస్తున్నందుకు ఏమీ అనుకోవద్దంటుంది.

"చల్లారిందే," అంటాడు ఇన్నయ్య ఒక గుక్క తాగి.

"దూరమైంది."

"ఈసారి కాస్త ముందుగా బయలుదేరు."

మంగళవారం ఆమె ప్రయాణం ఏర్పాట్ల కాయితం రాస్తుంది. అంటే, కిటికీ దగ్గరున్న కుడిచెయ్యి రాస్తుంది. ఆమె పక్కన కూర్చుని చెబుతుంది. కాన్వెంటులో నేర్చిన గుండ్రటి అక్షరాలు, ఎడమవైపు రెండు వేళ్ళ మార్జిను. బండి, బస, భోజనం, తిరుగు బండి. ఒక్కో వరసా రాయించేసరికి ఒక్కో ఏడాది ఇంటిపని చేసినంత అలసట కమ్ముతుంది. రాసిన కాయితాన్ని గుమ్మంలో పాలగిన్నె కింద పెడుతుంది. తెల్లారేసరికి గిన్నె ఉంది, కాయితం లేదు.

బుధవారం స్టోరుగదిలో బియ్యం డబ్బాలు ఉండవలసిన చోట హోటలు గది ఉంది. చూసుకుని సరేననడానికి పంపారు. గుమ్మంలో గొడుగు పట్టుకుని మేనేజరు సేన్‌బాబు నిలబడి ఉన్నాడు. ముసలాయన. తెలుగు ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళ దగ్గర నేర్చుకున్నాడట. ఒక్కో మాటా తుడిచి పెట్టినట్టు మాట్లాడుతున్నాడు.

గది బాగుంది. దాని కిటికీ బయట అసలు కలకత్తా ఉంది, ఇంకా ఎవరూ వాడనిది. కాకుల మడతలు కూడా విప్పలేదు. లోపల మంచం, మంచం మీద ఒక దిండు. కొక్కేనికి ఒక తువాలు. బల్ల మీద బోర్లించిన ఒక టీ కప్పు. కుర్చీ కింద నీడ కూడా ఒక్కరికి సరిపడేంతే ఉంది.

"రెండో దిండు ఏదండీ?"

"మీరు రాసినట్టే అమర్చామమ్మా," అని సేన్‌బాబు కాయితం చూపిస్తాడు.

మనుషులు: ఒకరు. బెర్తు: ఒకటి. ట్రాము సీటు: ఒకటి. అక్షరాలు ఆమెవే, అందులో సందేహం లేదు.

లూర్దమ్మ ఆ కాయితాన్ని చాలాసేపు చూస్తుంది. ముప్పై ఏళ్ళుగా రోజుకు రెండు పూటలా ఆమె కంచాలు లెక్కపెడుతూనే ఉంది. మామగారున్నప్పుడు ఐదు, మరుదులు వేరుపడ్డాక మూడు, పిల్ల పెళ్ళయి పోయాక ఒకటి. వడ్డించే మనిషిని ఆ లెక్కలో ఎవరూ వెయ్యరు. ఆమె తరవాత ఏ గిన్నె మూతలోనో ఇంత పెట్టుకుని తింటుంది. కాయితం మీద మనుషులు అన్న చోటికి వచ్చేసరికి ఆ చెయ్యి అలవాటు చొప్పున కూర్చునేవాళ్ళను మాత్రమే లెక్కపెట్టింది. ఆమె పక్కనే ఉంది. ఆమెకూ అందులో తప్పు కనిపించలేదు.

"దిద్దుతాను," అంటుంది.

"రాసినవాళ్ళే దిద్దడానికి వీల్లేదమ్మా. అన్యాయం జరిగినవాళ్ళు వరసలో నిలబడి, కిటికీ దగ్గర అడగాలి."

"రాసిందీ నేనే. అన్యాయం జరిగిందీ నాకే."

"అందుకే వరస పొడుగ్గా ఉంటుంది," అంటాడు సేన్‌బాబు, గొడుగు ముడుస్తూ.

లూర్దమ్మ గంటన్నర నడిచి ఈ సంగతి ఇన్నయ్యకు చెబుతుంది. ఇన్నయ్య చెడ్డవాడు కాడు. నిజంగానే నొచ్చుకుంటాడు.

"నువ్వే రాసి నువ్వే మరిస్తే నేనేం చేసేదే?" అని కాసేపు గడ్డం గీరుకుంటాడు. తరవాత మొహం తేటపడుతుంది. "సరే, ఒక పని చేద్దాం. ఇంత ఏర్పాటూ పాడు చేసుకోవడం ఎందుకు? నేను పోయి చూసొచ్చి నీకు చెప్తాలే. అన్నీ చెప్తా. ట్రాము సంగతి కూడా చెప్తా."

అభిమానంగానే అంటాడు. ఆ అభిమానమే ఆమె మోకాళ్ళలోకి దిగి బరువుగా కూర్చుంటుంది.

"అదే మంచిది," అంటుంది జ్ఞానమ్మ పక్క పీట మీద నుంచి. "ఆ ఎక్కడం దిగడం నీవల్ల ఏమయిద్ది? పచ్చడి వాడే పట్టుకుపోతాడు."

"పచ్చడి సరే, మెట్లు?" అంటాడు చిన్నప్ప. "ఇన్నయ్యకు మోకాళ్ళ నొప్పులు గదా!"

"ఆయన మోకాళ్ళ మీద ఎవరికైనా దయ ఉంటుంది," అంటుంది లూర్దమ్మ. ఎవరూ వినరు. ఆమె వెళ్ళి వరస చివర నిలబడుతుంది. గురువారం నాటికి ఆ చివర తెనాలిలో ఉంది.

"ఇంట్లో మనిషివి, నీకు వరసేందమ్మా?" అంటుంది ముందున్న పెద్దావిడ.

"ఇంట్లో మనిషిని గనకే."

వరస నడుస్తుంది. ముందుకు పొమ్మని ఒక్కరూ దారి ఇవ్వరు గాని, భోజనానికి పోతూ తమ చోటు చూస్తూ ఉండమని మాత్రం పదకొండుమంది అడుగుతారు. ఆమె పదకొండు చోట్లూ చూస్తూ నిలబడుతుంది. వాళ్ళు తిరిగొచ్చి, నీ చోటు ఏదని ఆమెనే అడుగుతారు.

హాలు కిటికీల్లోంచి దారి పొడుగునా డాబాలు కనిపిస్తున్నాయి. తీసుకుపోయిన కాలాన్ని జనం గుడ్డల మీద ఎండబెట్టుకున్నారు. జ్ఞానమ్మ ఖరగ్‌పూర్ పూటను పలచగా కలిపి, చిన్న చిన్న గంటలుగా ఒడియాల్లాగా పెట్టింది. కాకి ఒకటి ఇరవై నిమిషాలు ఎత్తుకుపోతుంది. ఎవరూ అదిలించరు.

లూర్దమ్మ కోపం తెచ్చుకోవాలని చూస్తుంది. కోపానికి కూడా నిలబడే ఓపిక కావాలి. ఆమె దాన్ని మడిచి చంకలో పెట్టుకుని నడుస్తుంది.

శనివారం ఉదయం కిటికీ వస్తుంది.

ఊచల వెనక లూర్దమ్మ కూర్చొని ఉంది. ఆరు రోజులుగా అక్కడే ఉండిపోయిన కుడిచేతికి ఈలోగా మిగతా మనిషి మొలిచింది. అదే మంగళగిరి చీర, అదే కళ్ళజోడు. తల ఎత్తదు.

"పేరు?"

"లూర్దమ్మ."

"ఎవరి తాలూకు?"

"నా తాలూకే."

లోపలి ఆమె కలం ఆగుతుంది. ఆ గడిలో ఇంతవరకు ఎవరూ అట్లా రాయించలేదు.

"ఏం కావాలి? జాలి అయితే పక్క కిటికీ."

"జాలి వద్దు. న్యాయం కావాలి."

"దానికి కాయితం చూడాలి." చూస్తుంది. "మనుషులు ఒకరని ఉంది."

"తప్పు రాశాను."

"తప్పని నువ్వంటున్నావు, కాయితం అనడం లేదు. ఒకరిని ఇద్దరు చెయ్యడానికి నాకు అధికారం లేదమ్మా. మిగిలింది ఆ ఒక్క సాయంకాలం. దాన్ని రెండు చేస్తే పాలు విరిగినట్టు విరిగిపోయిద్ది."

"అయితే ఇంతేనా?"

లోపలి ఆమె కాయితాన్ని వెలుతురుకు పట్టుకుని మరోసారి చదువుతుంది. తరవాత మొదటిసారి తల ఎత్తుతుంది.

"ఒకరని ఉంది," అంటుంది నెమ్మదిగా. "పేరు లేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. నిజమే, పేరు లేదు. అందరికీ తెలిసిందే గనక అక్కడ పేరు రాయవలసిన అవసరం ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ రాలేదు.

ఇద్దరికని కోరుకున్న సాయంకాలం అది. లూర్దమ్మ ఊచ పట్టుకుని కాసేపు నిలబడుతుంది. సంతోషం వస్తుందేమోనని చూస్తుంది. నిద్ర వస్తుంది.

"రాయి," అంటుంది.

కుడిచెయ్యి గుండ్రంగా రాస్తుంది.

కబురు తెలిసి ఇన్నయ్య హాలు ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తుకొస్తాడు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది. చేతిలో సర్దుకున్న పెట్టె ఉంది.

"మరి నేనో?"

"నేను పోయి చూసొచ్చి చెప్తాలెండి. అన్నీ చెప్తా."

ఇన్నయ్య తన చొక్కా వేరేవాళ్ళ ఒంటి మీద చూసినవాడిలాగా ఆ మాటను గుర్తుపడతాడు.

"ఇద్దరం పోదామనేగదే అనుకుంది?"

"అనుకున్నాం. మీరు ఎన్నడైనా లెక్కపెట్టారా?"

"దానికేముంది, ఇప్పుడు పెడతా." ఇన్నయ్య చెయ్యి పైకెత్తి, "నేను" అని ఒక వేలు మడుస్తాడు. రెండో వేలు వంగుతుంది గాని, దానికి పేరు దొరకదు. నుదురు చిట్లించి వెతుకుతాడు. చెమట పడుతుంది. నిజాయితీగానే వెతుకుతున్నాడు, అది లూర్దమ్మకు కనిపిస్తోంది. ఆమె అందించదు. పేరు దొరికి ఆయన తల ఎత్తేసరికి గంట మోగుతుంది.

హాలు తెనాలి దాకా పెరిగింది గనక ట్రాముకు చోటుంది. వరసలో నిలబడినవాళ్ళ కాళ్ళు ఆరు రోజులుగా నేలను రెండు గీతలుగా అరగదీశాయి. ఆ గీతల మీదే ట్రాము మెల్లగా వచ్చి ఆగుతుంది. లోపలి లూర్దమ్మ స్టూలు మీద నుంచి లేచి, నడుము పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, సందులోంచి ఇవతలికి వచ్చి, ఇవతలి లూర్దమ్మతోపాటు ట్రాము ఎక్కేస్తుంది. కిటికీ ఖాళీగా ఉండకూడదు. ఇన్నయ్య పెట్టెతో సహా లోపల స్టూలు మీద ఉన్నాడు.

"ఏరా," అంటుంది జ్ఞానమ్మ ఊచలు పట్టుకుని, "నా పచ్చడి సంగతేంది?"

ట్రాము ఖాళీగా ఉంటుందని లూర్దమ్మ అనుకుంది. ఖాళీగా లేదు. ప్రతి సీటులోనూ లూర్దమ్మ ఉంది. పూలు వాడని కొత్త కోడలు ఉంది. నెలలు నిండి, గరిటె పట్టుకుని ఆయాసపడుతున్న ఆమె ఉంది. జ్వరంతో నుదుట తడిగుడ్డ వేసుకున్న ఆమె ఉంది. మామగారి దినం నాడు నూటఇరవై మందికి పెట్టి, అడుగంటిన అన్నం తిన్న ఆమె ఉంది. పూటకొకరు చొప్పున, కంచాల లెక్కలోకి రానివాళ్ళందరూ వచ్చారు. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి.

ఖాకీ కోటు తొడుక్కున్న కండక్టరు టిక్కెట్టు అడుగుతాడు. ఉన్నది ఒక్కరి టిక్కెట్టు. ఆయన దాన్ని పట్టుకుని సీటు సీటుకూ వెళ్ళి, పేరు అడిగి, మొహం చూసి, సరిపోయిందంటాడు. చివరి సీటు దాకా ఎక్కడా తేడా రాదు.

కిటికీ పక్కన ఆమెకొక చోటు ఉంచారు. ఆ పక్క సీటులో, అత్తవారింట మొదటిపూట వడ్డించిన ఇరవై నాలుగేళ్ళ పిల్ల కూర్చొని ఉంది. బెరుగ్గా ఆమె వైపు చూసి, "ఎక్కడ దిగాలండీ?" అని అడుగుతుంది.

"దిగక్కర్లేదమ్మా," అంటుంది లూర్దమ్మ. "నిద్రపో."

ఖరగ్‌పూర్‌లో వియ్యంకుడు రోడ్డు పక్కన చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. గుడి తొమ్మిది మెట్లూ కిందికి దిగి వచ్చి చూస్తున్నాయి. ట్రాము తొందరపడదు, ఆగదు. ఎవరూ దిగరు. ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. నాలుగో గిన్నెలోని సాయంకాలం కిటికీల వెంట చిక్కగా జారుతోంది.

చివరి స్టాపులో పట్టాలు అయిపోతాయి. ఎదురుగా నది ఉంది. నది కొంగు నడుముకు దోపుకుని, ఒళ్ళు విరుచుకుని, ఒడ్డెక్కి వస్తుంది. దాని వెనక సూర్యుడు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, చేతిలో కాచిన నేతిగిన్నెతో.

నది వంగి కిటికీల్లోకి చూస్తుంది.

"ఎంతమందమ్మా?"

లూర్దమ్మ ఎడమచేతి వేలు తన గుండెల మీద ఆనించి, "ఒకటి," అంటుంది. పక్కనున్న పిల్ల భుజం తట్టి, "రెండు," అంటుంది. లేచి, సీటు వీపులు పట్టుకుంటూ, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వెనక్కి నడుస్తుంది. ట్రాము ఎంత నడిస్తే అంత పొడుగ్గా ఉంది. ఆమె తొందరపడదు. లెక్క మూడు వేలు దాటేసరికి నది ఒడ్డు మీద చతికిలబడి కాళ్ళు చాపుకుంటుంది.

లెక్క పూర్తి కాకుండా వడ్డన మొదలుపెట్టడానికి వీల్లేదు. పొద్దు కుంకే వేళ ఎప్పుడో దాటిపోయింది. సూర్యుడు నేతిగిన్నెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, నిలబడే ఉన్నాడు.